దివాలా పిమ్మట తనఖా ఋణము

నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము వినుటకు ఇంపైనది కాదు. అయినను మన పల్లెలలో ఏ రచ్చబండ యొద్ద కూర్చున్నను ఎప్పుడో యొకప్పుడు చెవిని బడునదే. వ్యాపారమున నష్టపడి, ఋణదాతలకు చెల్లింపలేక, న్యాయస్థానమున దివాలా అర్జీ దాఖలు చేసినవానికి మరల ఇల్లు కట్టుకొనుటకో, ఉన్న ఇంటిని బాగుచేసికొనుటకో తనఖాపై ఋణము పుట్టునా? పుట్టినచో ఏ మార్గమున? అట్లు పుట్టుట న్యాయమేనా? ఈ మూడు ప్రశ్నలకును నాకు తెలిసినంతలో సమాధానము చెప్ప యత్నించెదను.

నేను న్యాయవాదిని గాను. చిన్ననాట శాస్త్రపాఠము గురుముఖమున వల్లించి, పిమ్మట మూడు దశాబ్దములకు పైగా పల్లె బడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను పల్లెయందు బడిపంతులనిన చదువు చెప్పువాడు మాత్రమే కాడు. దస్తావేజు చదివి పెట్టువాడును, నోటీసునకు అర్థము చెప్పువాడును ఆతడే. అచ్యుతాపురము, రాంబిల్లి ప్రాంతములందు ప్రత్యేక ఆర్థిక మండలము వచ్చిన పిదప ఈ కాగితముల పని మరింత పెరిగినది. భూమి పోయినవారికి పరిహారపు సొమ్ము చేతికి వచ్చెను. ఆ సొమ్మును పెట్టుబడిగ నుంచి, దానిపై మరికొంత అప్పు తెచ్చి, లారీలు కొన్నవారును, గుత్త పనులు పట్టినవారును, దుకాణములు తెరచినవారును కలరు. వారిలో నిలదొక్కుకొన్నవారున్నారు, కూలినవారును లేకపోలేదు. కూలినవారిని గూర్చియే ఈనాటి మాట.

‘వాడు ఐ.పి. పెట్టెను’ అని మనము వాడుకగా అందుము. ఇన్సాల్వెన్సీ పిటిషను అను ఆంగ్లపదముల మొదటి యక్షరములవి. ఆ మాట మన నోట వచ్చునప్పుడు ‘ఎగవేసెను’ అను అర్థము దానితో కలిసియే వచ్చును. ఇది సరికాదు. ఈ వ్యవహారమున మూడు మెట్లు కలవు. అర్జీ పెట్టుట మొదటిది. న్యాయస్థానము విచారించి ఆతనిని దివాలాదారుగ ప్రకటించుట రెండవది. ఆస్తి పంపకమై, నడవడి పరీక్షింపబడి, ఋణవిముక్తి ఉత్తరువు పొందుట మూడవది. మొదటి మెట్టుమీద నున్నవాడును మూడవ మెట్టు దాటినవాడును ఒక్కటి కారు. తనఖా మాట వచ్చినప్పుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఈతడు ఏ మెట్టుమీద నున్నాడు?

మన ధర్మశాస్త్రకారులు ఋణమును తేలికగ చూడలేదు. మనువు చెప్పిన పదునెనిమిది వివాదపదములలో మొదటిది ఋణాదానము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను పదమూడవ శతాబ్దమున కేతన తెనుగు పద్యములలోనికి దెచ్చెను. తాకట్టునకు శాస్త్రమున ‘ఆధి’ యని పేరు. అది రెండు విధములు. భద్రముగ దాచవలసినది గోప్యాధి, అనుభవింపదగినది భోగ్యాధి. నేటికిని మన రైతు ‘పొలము భోగ్యమునకు పెట్టితిని’ అనునప్పుడు ఆ ప్రాచీన పదమునే పలుకుచున్నాడు.

అయితే ఆ శాస్త్రమున ఋణము మనిషితో చచ్చునది కాదు. పేదవాడు పనిచేసియైనను, కొంచెము కొంచెముగ నైనను తీర్పవలెననిరి. తండ్రి తీర్పక పోయినచో కుమారుడు వడ్డీతో, మనుమడు అసలు మాత్రము తీర్పవలెననిరి. జూదమునకును, మద్యమునకును చేసిన అప్పులను మాత్రము పుత్రులమీద మోపలేదు. ఈ పుత్రధర్మమును మన న్యాయస్థానములు ఇటీవలి వరకు పాటించినవి. 2005 సంవత్సరపు హిందూ వారసత్వ సవరణ చట్టము పిదప చేసిన అప్పులకు, కేవలము ఆ ధర్మమును బట్టి కొడుకులమీద, మనుమలమీద దావా వేయుటకు వీలు లేదు. పాత మాటను పట్టుకొని ‘నీ తండ్రి అప్పు నీవే తీర్పవలె’నని కుఱ్ఱవాండ్రను బెదరించువారు ఇంకను కలరు. తండ్రి విడిచిపోయిన ఆస్తి నుండి రాబట్టుకొనుట వేరు. కొడుకు స్వార్జితముమీద పడుట వేరు. ఈ భేదమును మీవంటి పెద్దలు చెప్పినచో కుఱ్ఱవాండ్రు విందురు.

పాశ్చాత్య దేశములలో సయితము పూర్వము కాఠిన్యమే ఉండెను. ఆంగ్ల నవలాకర్త చార్లెస్ డికెన్సు తండ్రిని 1824 లో అప్పు తీర్పలేదని లండనులోని మార్షల్సీ చెరసాలలో వేసిరి. ఆ బాలుడు పండ్రెండవ యేట బూటు మెరుగు తయారుచేయు కొట్టులో కూలికి పోవలసి వచ్చెను. అప్పులవాని చెరలో వేసినచో ఆతడు సంపాదింపలేడు, ఋణదాతకు కాసు రాదు, బిడ్డలు మాడుదురు. ఈ సంగతి లోకమునకు తెలియుటకు చాలకాలము పట్టినది. మన దేశమున 1980 లో సుప్రీంకోర్టు ఒక తీర్పునందు, చెల్లించు శక్తి యుండియు దుర్బుద్ధితో చెల్లింపనివానిని తప్ప, కేవలము పేదరికమువలన చెల్లింపలేనివానిని అప్పునకై చెరలో నుంచరాదని స్పష్టముగ చెప్పినది.

ఇక చట్టము మాట. 1906 అక్టోబరులో చెన్నపట్టణమందలి ఆర్బత్నాటు కంపెనీ కూలిపోయెను. దక్షిణదేశమందలి ఎందరో అందులో దాచుకొన్న సొమ్ము పోగొట్టుకొనిరి. దాని అధిపతియగు సర్ జార్జి ఆర్బత్నాటునకు కారాగారశిక్ష పడినది. ఆ దెబ్బ పిమ్మటనే, 1907 లో, దేశీయుల పూనికతో ఇండియన్ బ్యాంకు వెలసినది. మూడు రాజధాని నగరములకు 1909 లోను, తక్కిన జిల్లాలకు 1920 లోను దివాలా చట్టములు వచ్చినవి. 2016 లో కొత్త దివాలా స్మృతి వచ్చి కంపెనీలకు అమలగుచున్నది. వ్యక్తులకు సంబంధించిన దాని భాగము 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు స్వయముగ హామీ యిచ్చినవారి విషయముననే అమలులోనికి వచ్చినది. కావున మన జిల్లాలలోని రైతునకు, చిల్లర వర్తకునకు, చిన్న యుద్యోగికి ఆ 1920 నాటి చట్టమే ఆధారము.

దాని పద్ధతి సంగ్రహముగ చెప్పెదను. అప్పులు అయిదువందల రూపాయలకు తక్కువ గాక, తీర్పలేని స్థితియున్నచో ఋణస్థుడు అర్జీ పెట్టుకొనవచ్చును. నాటి అయిదువందలు నేడు లెక్కకు రావు గాని చట్టమందు ఆ యంకె యట్లే యున్నది. తన అప్పులన్నియు, ఆస్తులన్నియు పట్టిక వ్రాసి యీయవలెను. దివాలాదారుగ ప్రకటించిన వెంటనే ఆతని ఆస్తి న్యాయస్థానమునకో, అది నియమించిన రిసీవరునకో సంక్రమించును. సేద్యగాడు తాను కాపురమున్న ఇల్లు, ఆతని నాగళ్లు, దుక్కిటెద్దులు, విత్తనములు మొదలగువానిని సివిలు ప్రక్రియా స్మృతి జప్తు నుండి మినహాయించినది. అవి రిసీవరు పాలు కావు. తక్కినదానిని అమ్మి ఋణదాతలకు పాళ్లు వేయుదురు.

పిమ్మట, న్యాయస్థానము పెట్టిన గడువులో దివాలాదారు విముక్తి కొరకు మరల అర్జీ పెట్టుకొనవలెను. ఇచ్చట పెక్కురు చెడిపోవుచున్నారు. మొదటి అర్జీ పెట్టగనే అప్పులవారి రాకపోకలు ఆగును గదా! దానితో తృప్తిపడి రెండవ అర్జీ మాట మరతురు. గడువు దాటినచో మొదటి ప్రకటననే రద్దుచేయుటకు చట్టమున అవకాశము కలదు. అప్పుడు పాత అప్పులన్నియు లేచి కూర్చుండును. విముక్తి ఇచ్చునప్పుడు న్యాయాధికారి ఆతని నడవడిని చూచును. ఆస్తి రూపాయికి ఏబది పైసల పాలుకైన చాలకపోయి, అది ఆతని తప్పిదము వలననే జరిగినచో పూర్ణవిముక్తి దొరకదు. షరతులతోనో, ఆలస్యముగనో ఈయవచ్చును, నిరాకరింపను వచ్చును. విముక్తి వచ్చినను ప్రభుత్వమునకు చెల్లింపవలసిన బాకీ, మోసముచే తెచ్చిన అప్పు, భార్యాబిడ్డల మనోవర్తి నిలిచియే యుండును.

మోసగాండ్రను చట్టము మరువలేదు. అర్జీకి ముందు రెండేండ్లలోపల ప్రతిఫలము లేకుండ భార్యపేరనో, తమ్ముని పేరనో వ్రాసిన దస్తావేజును రిసీవరు రద్దు చేయింపవచ్చును. మూడు నెలలలోపల ఒక్క ఋణదాతకు మాత్రము పక్షపాతముతో చెల్లించిన సొమ్మును వెనుకకు రాబట్టవచ్చును. లెక్కలు దాచినవానికి ఏడాది వరకు చెర కలదు. విముక్తి కానివాడు ఆ సంగతి చెప్పక ఏబది రూపాయలు గాని అంతకు మించి గాని అప్పు తెచ్చినచో ఆరుమాసముల వరకు చెరయో, జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఏబది రూపాయలు! నేడు కిరాణా కొట్టు అరువు కూడ అంతకు మించును. విముక్తి కాకముందు క్రొత్తగ వచ్చిన ఆస్తి సయితము రిసీవరుదే యగును. అట్టివాడు పెట్టు తనఖాకు పునాది లేదు. కావున మొదటి ప్రశ్నకు సమాధానములో మొదటి మాట ఇది: విముక్తి ఉత్తరువు నకలు చేతిలో లేనివాడు తనఖాకు పోరాదు, తెలిసినవాడు ఈయరాదు.

విముక్తుడైనవానికి మాత్రము ఆస్తి సంపాదించుటకును, దానిని తనఖా పెట్టుటకును చట్టమున అడ్డు లేదు. అడ్డు వచ్చునది ఋణదాత మనస్సునందు. బ్యాంకువారు మూడు విషయములు చూతురు. హక్కు పత్రములు నిర్దుష్టముగ నున్నవా? నెలనెల వాయిదా కట్టు రాబడి కలదా? పూర్వపు నడవడి యెట్టిది?

పత్రముల మాట ముందు. మన పల్లెలలో గ్రామకంఠమందలి ఇండ్లకు తరతరముల అనుభవము తప్ప వ్రాతలేదు. తాత కట్టెను, తండ్రి కాపురముండెను, నేనున్నాను అనిన ఊరు ఒప్పుకొనును గాని బ్యాంకు ఒప్పుకొనదు. 2020 ఏప్రిల్ 24 న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకము ఇట్టి గ్రామనివాస స్థలములను కొలిచి హక్కు పత్రములిచ్చుటకై ఏర్పడినది. కొలతకు వచ్చినప్పుడు దగ్గరనుండి హద్దులు సరిగ వ్రాయించుకొనుడు. దస్తావేజులున్నవారు సబు రిజిస్ట్రారు కచేరీలో ఈ.సి. తీయించి, పాత తాకట్టులు తీరినట్లు నమోదైనదో లేదో చూచుకొనవలెను.

నడవడి మాట పిదప. పూర్వము షావుకారు ఊరిలో నలుగురిని అడిగి తెలిసికొనెడివాడు. నేడు 2005 నాటి చట్టము ప్రకారము ఋణసమాచార సంస్థలు కలవు. ట్రాన్సుయూనియన్ సిబిల్, ఈక్విఫాక్సు, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్కు అనునవి నాలుగు. మనము తెచ్చిన ప్రతి బ్యాంకు అప్పు, కట్టిన ప్రతి వాయిదా, తప్పిన ప్రతి వాయిదా వారి చిట్టాకెక్కును. ఆ వివరములు కనీసము ఏడేండ్లు నిలువయుండును. మూడువందల నుండి తొమ్మిదివందల వరకు అంకె వేయుదురు. మార్కులవంటిదే యనుకొనుడు, అయితే ఇచ్చట ఉపాధ్యాయుని దయకు తావు లేదు. ప్రతి సంస్థయు ఏడాదికొక్కమారు ఎవరి చిట్టా వారికి ఉచితముగ ఈయవలెనని రిజర్వుబ్యాంకు ఆజ్ఞ. తప్పు కనబడి ఫిర్యాదు చేసినచో ముప్పది దినములలో సరిచేయవలెను. ఆలస్యమైనచో దినమునకు నూరు రూపాయలు పరిహారము.

ఆ చిట్టాలో ఒక్క మాట తేడాకు ఎంతో విలువ కలదు. ‘పూర్తిగ చెల్లించెను’ అనుట వేరు. ‘తగ్గించుకొని పరిష్కరించుకొనెను’ అనుట వేరు. రెండవ విధముగ ఒప్పందము చేసికొన్నవానికి కనీసము పండ్రెండు నెలలు గడచినగాని ఆ బ్యాంకు క్రొత్త అప్పు ఈయరాదని 2023 జూన్ 8 న రిజర్వుబ్యాంకు నియమించినది. వ్యవసాయపు అప్పుల విషయమున ఆ గడువును బ్యాంకులే నిర్ణయించుకొనవచ్చును. మన పిల్లలనేకులు కాపురముండు అమెరికాలో సయితము పద్ధతి ఇట్టిదే. అచ్చట ఏడవ అధ్యాయము క్రింద దివాలా తీసి విముక్తుడైనవాడు, ప్రభుత్వపు పూచీగల గృహఋణమునకు సాధారణముగ రెండేండ్లు ఆగవలెను. లోకమంతటను సూత్రమొక్కటే: తలుపు మూయరు, కొంతకాలము అరుగుమీద కూర్చుండబెట్టుదురు.

ఆ కాలమున ఆగలేనివానికే ప్రమాదము. బ్యాంకు కాదన్నప్పుడు ప్రైవేటు షావుకారు అవునను. దీనిని గూర్చి నాకు ప్రత్యక్షముగ తెలిసిన ఒక సంగతి చెప్పెదను. పేరు చెప్పను.

నా పూర్వశిష్యుడొకడు అనకాపల్లిలో బెల్లపు వర్తకము చేయుచుండెను. దూరదేశపు కొనుగోలుదారులు బాకీపడిరి. నిలువచేసిన బెల్లము వానకాలమున నీరుగారినది. అప్పులు మెడవరకు వచ్చెను. ఐ.పి. పెట్టెను. ఆస్తి యుమ్మడిగ పోయినది. కొంతకాలమునకు విముక్తి ఉత్తరువును వచ్చినది. కాని ఆతని బ్యాంకు అప్పునకు బావమరిది హామీ యుండెను. అయ్యలారా, ఇది గట్టిగ జ్ఞాపకముంచుకొనుడు: దివాలా విముక్తి అప్పు తెచ్చినవానికే గాని హామీ యిచ్చినవానికి వర్తింపదు. బావమరిది తన జీడితోటలో అరయెకరము అమ్మి చెల్లించెను. రెండిండ్లకును మాటలు పోయినవి. పండుగకు ఆడపడుచు పుట్టింటి గడప త్రొక్కలేదు.

శిష్యుడు మరియొకరి కొట్టులో గుమాస్తాగ చేరెను. ఆతని భార్య అచ్యుతాపురపు కుట్టు కర్మాగారమునకు పోవ మొదలిడినది. చట్టప్రకారము బావమరిదికి ఆతడు ఒక్క రూపాయియు చెల్లింప నక్కరలేదు. అయినను నెలకింత చొప్పున ఆరేండ్లపాటు చెల్లించి, అరయెకరపు వెల మొత్తము తీర్చెను. ఏ ఋణసమాచార సంస్థ చిట్టాలోను ఇది యెక్కలేదు. ఊరు మాత్రము చూచినది.

అంతలో పెంకుటిల్లు కూలు స్థితికి వచ్చినది. మూడు లక్షలు కావలసి యొక షావుకారు నడిగెను. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఆతడు ఒప్పుకొని, ముసాయిదా పంపెను. శిష్యుడు దానిని నాయొద్దకు తెచ్చి ‘తనఖా కాగితము, ఒక్కమారు చూడుడు మాష్టారూ’ అనెను. చదివితిని. తనఖా యను మాట అందులో ఎచ్చటను లేదు. అది శుద్ధ క్రయ దస్తావేజు. ఇల్లు మూడు లక్షలకు అమ్మినట్లు, సొమ్ము ముట్టినట్లు, స్వాధీనము చేసినట్లు వ్రాసియున్నది. ‘బాకీ తీరగనే తిరిగి వ్రాసి యిచ్చెదనని ఆయన నోటిమాట యిచ్చినాడు’ అని శిష్యుడు చెప్పెను.

పెద్దలారా, ఈ నోటిమాటవలన ఎన్ని యిండ్లు పోయినవో మీకు తెలియనిది కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమునకు 1929 లో చేసిన సవరణ ప్రకారము, తిరిగి వ్రాసి యీయవలెనను షరతు ఆ క్రయ దస్తావేజునందే వ్రాయబడినగాని దానిని షరతు క్రయపు తనఖాగ పరిగణింపరు. నోటిమాట గాని, వేరు కాగితము గాని చాలదు. నిజమైన తనఖాయైనచో బాకీ చెల్లించి విడిపించుకొను హక్కు ఋణస్థునకు మిగిలియుండును. ఒకమారు తనఖా యైనది ఎప్పటికిని తనఖాయే యని న్యాయవేత్తలందురు. క్రయమైనచో ఆ హక్కే లేదు. నూరు రూపాయలు మొదలు ఆపైగల తనఖా, హక్కు పత్రములు అప్పగించి చేయునది తప్ప, ఇద్దరు సాక్షులతో రిజిస్టరు కావలెను.

వడ్డీ లెక్కయు వేసి చూపితిని. లక్షకు నెలకు మూడు వేలు. మూడేండ్లలో లక్షా ఎనిమిది వేలు కట్టినను అసలు లక్షయు అట్లే యుండును. అదే లక్షను ఏటికి నూటికి తొమ్మిది వంతున పదేండ్ల వాయిదాలకు తెచ్చినచో నెలకు సుమారు పండ్రెండువందల అరువదియేడు రూపాయలు. పదేండ్లకు మొత్తము లక్షా ఏబదిరెండు వేలు. అసలు, వడ్డీ రెండును తీరిపోవును. మన పూర్వులు వడ్డీ అసలును మించరాదని కట్టడిచేసిరి. 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము సయితము, అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు అప్పు తీరినట్లే యని చెప్పినది. వారు పిచ్చివారు కారు.

శిష్యుడు ముసాయిదా తిరిగి యిచ్చివేసెను. ఒక బ్యాంకునకు పోయెను. చిట్టాలో పాత అప్పు ఇంకను బాకీ యున్నట్లే కనబడుచున్నదని మొదట కాదనిరి. విముక్తి ఉత్తరువు నకలు, బావమరిది చెల్లించిన రసీదు జతపరచి వ్రాతమూలముగ ఫిర్యాదు చేసెను. చిట్టా సరిపడినది. భార్య జీతపు కాగితములు చూపి, ఆమెను సహఋణస్థురాలిగ చేర్చి మరల అడిగెను. మూడు లక్షలడుగగా రెండు లక్షలిచ్చిరి. అది చాలునని ఒక గది తగ్గించి కట్టుకొనెను. హామీదారు కావలెనని బ్యాంకువారు కోరినప్పుడు సంతకము చేసినవాడెవరో యూహింపగలరా? ఆ బావమరిదియే. నేనడుగగా, ‘చట్టము వానిని వదలిపెట్టినను వాడు నన్ను వదలిపెట్టలేదు గదా, మాష్టారూ’ అనెను.

దీనిని బట్టి అందరును హామీ సంతకములు చేయవలెనని నేను చెప్పుట లేదు. 1872 నాటి ఒప్పందముల చట్టము ప్రకారము హామీదారుని బాధ్యత ఋణస్థుని బాధ్యతతో సమానము. ఋణదాత ముందు ఆతనిని అడిగి పిదప నిన్నడుగవలెనను నియమము లేదు. చెల్లింపగల సొమ్మునకే సంతకము చేయుడు. మొగమాటమునకు చేయకుడు.

ఇక ఇల్లు తాకట్టు పెట్టుటను గూర్చి ఒక హెచ్చరిక. సేద్యగాని కాపురపు ఇంటికి జప్తు నుండి మినహాయింపు కలదంటిని. ఆ కంచె సాధారణ ఋణదాతలకే. మన చేతితో మనమే ఇంటిని తాకట్టు పెట్టినచో ఆ తాకట్టుదారునకు కంచె లేదు. దివాలా అర్జీ పెట్టినను ఆతని హక్కు చెక్కుచెదరదు. 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద బ్యాంకువారు అరువది దినముల నోటీసు ఇచ్చి, దావా లేకయే ఇంటిని స్వాధీనపరచుకొనగలరు. అన్యాయమనిపించినచో నలువదియైదు దినములలో విశాఖపట్టణమందలి ఋణవసూలు ట్రిబ్యునలునకు పోవలెను. వ్యవసాయ భూమికి మాత్రము ఈ చట్టము వర్తింపదు. నోటీసును చూరులో దోపి ఊరకుండువానికి ఎవ్వరును సాయపడలేరు.

కావున నా యభిప్రాయమిది. ఒకమారు కూలినవాడు ఇంటిని గాని, జీవనోపాధిని గాని నిలుపుకొనుటకే తనఖా పెట్టవలెను. పెండ్లి విందులకు, ఊరేగింపులకు పెట్టరాదు. నెల వాయిదా నిశ్చయమైన రాబడిలో మూడవ వంతును మించరాదు. వచ్చు నేమో యను రాబడిని లెక్కలోనికి తీసికొనరాదు. బాకీ తీరగనే హక్కు పత్రములు అడిగి తెచ్చుకొనవలెను. తీరిన ముప్పది దినములలో వానిని తిరిగి యీయవలెనని, బ్యాంకు తప్పువలన ఆలస్యమైనచో దినమునకు అయిదువేల రూపాయలు చెల్లింపవలెనని రిజర్వుబ్యాంకు 2023 డిసెంబరు 1 నుండి నియమించినది.

ఇట్లు ఋణము పుట్టుట న్యాయమేనా యన్న మూడవ ప్రశ్న మిగిలినది. నష్టపోయిన ఋణదాత ‘నా సొమ్ము ముంచి ఇల్లు కట్టుచున్నాడు’ అని బాధపడుట సహజమే. ఆతని బాధను తేలికచేయరాదు. కాని విముక్తి యనునది ఋణస్థుని మీది దయ మాత్రమే కాదు. ఉన్నదంతయు అప్పగించినవానిని ఇంకను తరిమినచో ఆతడు ఊరు విడిచి పోవును, లేదా అంతకంటె ఘోరము చేసికొనును. అట్టి వార్తలు మనము వినియున్నాము. నిలిచి పనిచేయనిచ్చినచో, నా శిష్యునివలె, చట్టము అడుగని బాకీని కూడ తీర్చువారు కలరు. అందరును అట్లుందురని నేను పూచీపడజాలను. అవకాశము ఈయనిచో ఒక్కడును అట్లుండజాలడని మాత్రము చెప్పగలను.

మీ యూరిలో ఇట్టివాడున్నచో ఈ వారములో ఒకమారు పిలువనంపుడు. విముక్తి ఉత్తరువు కలదా యని అడుగుడు. లేనిచో గడువు దాటకముందే వకీలు నొద్దకు పంపుడు. వకీలు ఖర్చు పెట్టలేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. అప్పు కాగితము చేతిలో నున్నచో దానిమీద ‘క్రయము’ అని యున్నదో ‘తనఖా’ అని యున్నదో చదివి చూడుడు. చదువు వచ్చినవారు మీరు. చదివి చెప్పుట మన పని.